వెనక్కి వచ్చే దారి ఉంచుకుని అప్‌డేట్ వేయండి: హిందూపురం షెడ్డు నేర్పిన పాఠం

(వీడియో ఎపిసోడ్‌లో చెప్పిన మాటలకు ఇది రాత రూపం. వింటే బాగుండి, చదివితే అడ్డొచ్చే మాటలు మాత్రం తీసేశాం.)

ఈ రోజు నేను పరువు పోగొట్టుకున్న ఒక రాత్రి గురించి చెప్పి మొదలుపెడతాను. నవ్వుకోండి పర్లేదు, కానీ చివరిదాకా ఉండండి. ఆ రాత్రి నేను చేసిన తప్పే, రౌటర్ల నుంచి కార్ల దాకా పెద్ద పెద్ద కంపెనీలు కూడా చేస్తుంటాయి.

మా మామది హిందూపురం దగ్గర పల్లె. రెండెకరాల మల్బరీ తోట, పక్కనే పట్టుపురుగుల షెడ్డు. గూళ్లు హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కే వేస్తాడు. పట్టుపురుగు చాలా సున్నితమైన ప్రాణి. నాలుగో జ్వరం నుంచి లేచాక షెడ్డులో వేడి 24, 25 డిగ్రీల దగ్గరే ఉండాలి, గాలిలో తేమ తగినంత ఉండాలి. మన వైపు ఎండాకాలం సంగతి మీకు తెలుసు. అందుకని నేను ఒక చిన్న లినక్స్ బోర్డు తీసుకుని, దానికి సెన్సర్లు తగిలించి, ఫ్యాన్లూ ఫాగర్లూ దానంతట అదే ఆన్ ఆఫ్ అయ్యేలా చేసిచ్చాను. ఊళ్లో మా మామ గొప్పలు చెప్పుకున్నాడు. నేనూ చెప్పుకున్నాను.

ఒక రాత్రి పదకొండింటికి, బెంగళూరులో నా రూంలో కూర్చుని ఆ బోర్డులోకి లాగిన్ అయ్యాను. ఒక భద్రతా లోపం గురించి చదివాను, సరే అప్‌డేట్ వేసేద్దాం అనుకున్నాను. 'ఆప్ట్ అప్‌గ్రేడ్' అని కొట్టి, ఎంటర్ నొక్కి, టీ పెట్టుకోవడానికి వెళ్లాను. వచ్చేసరికి లైన్ తెగిపోయి ఉంది. ఊళ్లో కరెంటు పోయింది. పది నిమిషాల్లో కరెంటు వచ్చింది. బోర్డు మాత్రం రాలేదు.

రాత్రి రెండింటికి మామ ఫోను. "ఏమిరా అల్లుడా, నీ డబ్బా కండ్లు మూసుకునింది. ఫ్యానులు తిరగడంలే. పురుగులు మేత ముట్టడంలే. ఏం చేయల్ల?"

నా దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే ఫ్యాన్లన్నీ ఆ డబ్బా గుండానే పోతాయి. చేత్తో వేసుకునే స్విచ్చి ఒక్కటి కూడా నేను పెట్టలేదు. మామ, అత్త, పిల్లలు తెల్లారేదాకా తడి గోనెపట్టలు కట్టి, విసురుతూ కూర్చున్నారు. ఆ పంటలో ఎంత పోయిందో మామ ఇప్పటికీ నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ రాత్రి నుంచి నేను నేర్చుకున్నదంతా ఒక్క ముక్కలో చెప్తాను. అప్‌డేట్ అంటే కొత్తది వేయడం మాత్రమే కాదు. కొత్తది పని చేయకపోతే, మనిషి సాయం లేకుండా, పాతదానికి తిరిగి రావడం కూడా అప్‌డేట్‌లో భాగమే. ఆ దారి లేకపోతే ఎంటర్ నొక్కకూడదు.

ఈ లినక్స్ డబ్బాలు ఎక్కడున్నాయి?

లినక్స్ అంటే ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో నల్ల స్క్రీన్ అనుకుంటారు చాలామంది. మీ ఇంట్లో వైఫై రౌటర్ చూడండి, చాలావాటిలో లినక్స్ ఉంటుంది. కిరాణా కొట్టులో సీసీ కెమెరా రికార్డర్, టీవీ కింద సెట్ టాప్ బాక్స్, స్మార్ట్ టీవీ, ఎన్నో కార్ల స్క్రీన్లు, ఫ్యాక్టరీ మిషన్ల పక్కన ఉండే చిన్న గేట్‌వేలు, వీటిల్లో ఎక్కువ భాగం అదే కుటుంబం. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ కూడా లినక్స్ కెర్నెల్ మీదే నడుస్తుంది. ఒక పని కోసమే తయారైన డబ్బాలో లోపల కూర్చున్న లినక్స్‌నే ఎంబెడెడ్ లినక్స్ అంటాం.

ల్యాప్‌టాప్‌కీ వీటికీ ఒక తేడా ఉంది. ల్యాప్‌టాప్ పాడైతే ఎదురుగా మీరున్నారు, కీబోర్డు ఉంది, పెన్‌డ్రైవ్ పెట్టి మళ్లీ వేసుకుంటారు. ఈ డబ్బాల ముందు ఎవరూ ఉండరు. కొన్ని స్తంభం మీద ఉంటాయి, కొన్ని పొలంలో, కొన్ని మిషను కడుపులో. అందుకే ల్యాప్‌టాప్‌కి సరిపోయే పద్ధతి వీటికి సరిపోదు. నేను చేసిన మొదటి తప్పు అదే.

పోనీ ముట్టుకోకుండా వదిలేస్తే?

హిందూపురానికి దగ్గర్లోనే లేపాక్షి. వేలాడే స్తంభం మీలో చాలామంది చూసుంటారు, కింద గుడ్డ దూర్చి తీసుంటారు. ఎప్పుడో ఒక ఇంగ్లీషు ఇంజినీరు ఆ స్తంభం రహస్యం తేల్చాలని కదిలిస్తే, మిగతా స్తంభాలు కూడా పక్కకి జరిగాయని అక్కడ కథగా చెప్తారు. నడుస్తున్నదాన్ని ముట్టుకోవద్దు అనే భయం మనకి అట్లాంటి కథల నుంచే వచ్చిందేమో. కానీ గుడి స్తంభాన్ని వదిలేస్తే అది అట్లాగే ఉంటుంది. ఇంటర్నెట్‌కి తగిలించిన డబ్బాని వదిలేస్తే అట్లా ఉండదు. మనం ముట్టుకోకపోతే ఇంకొకడు ముట్టుకుంటాడు.

2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ వచ్చింది. అది పెద్ద మాయేమీ చేయలేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన యూజర్ నేములు, పాస్‌వర్డులు ఓ అరవై జతల దాకా పట్టుకుని, ఊరూరా తలుపు తట్టినట్టు ఇంటర్నెట్‌లో కనబడిన కెమెరాలనీ రౌటర్లనీ తట్టింది. తెరుచుకున్నవన్నీ దాని సైన్యం అయిపోయాయి. ఆ ఏడాది అక్టోబర్ 21న ఆ సైన్యం డిన్ అనే అమెరికా కంపెనీ మీద పడితే, ట్విటర్ లాంటి పెద్ద సైట్లు కూడా గంటల తరబడి తెరుచుకోలేదు.

మరుసటి ఏడాది మన దేశం వంతు. 2017 జూలై చివర్లో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెంల మీద దాడి జరిగింది. 60 వేలకు పైగా మోడెంలు దెబ్బతిన్నాయని అప్పట్లో వార్తలు వచ్చాయి. మన పక్కనే ఉన్న కర్ణాటకలో కూడా చాలామందికి నెట్ పోయింది. కారణం మళ్లీ అదే, మార్చని ఫ్యాక్టరీ పాస్‌వర్డ్. పాస్‌వర్డులు మార్చుకోండి అని కంపెనీయే కస్టమర్లని కోరాల్సి వచ్చింది. దాడి తనదే అని చెప్పుకున్నది బ్రికర్‌బాట్ అనే మాల్‌వేర్ తయారు చేసినవాడు. డబ్బా మెమరీలో చెత్త రాసి దాన్ని ఇటుకరాయిలా పనికిరాకుండా చేయడమే బ్రికర్‌బాట్ పని. పేరు కూడా అందుకే వచ్చింది.

అంటే అప్‌డేట్ వేయకపోతే వేరేవాడు ఇటుకరాయి చేస్తాడు. తెలివి లేకుండా వేస్తే మనమే చేసుకుంటాం. ఈ రెంటి మధ్య నడిచే దారి ఉంది. ఇప్పుడు ఆ దారి చూద్దాం.

ధర్మవరం మగ్గం దగ్గర మొదటి పాఠం

ధర్మవరంలో జాకార్డ్ మగ్గం చూశారా? పైన చిల్లులు పొడిచిన అట్టలు దండలా కుట్టి వేలాడుతుంటాయి. ఒక్కో అట్ట ఒక్కో పేక పోగుకి. చిల్లు ఉన్నచోట ఒక పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. చీర మీద నెమలి రావాలా, మామిడి పిందె రావాలా అన్నది ఆ చిల్లులే చెప్తాయి. 1804లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ మరీ జాకార్డ్ ఈ పద్ధతి తెచ్చాడు. ఒక రకంగా అది సాఫ్ట్‌వేరే. ఇప్పుడు ఎలక్ట్రానిక్ జాకార్డులూ వచ్చాయి, అట్టల బదులు డిజైన్ ఫైలు ఎక్కిస్తారు.

డిజైన్ మార్చాలంటే నేతగాడు ఏం చేస్తాడు? పువ్వు సగంలో ఉండగా, నడుస్తున్న దండలోంచి నాలుగు అట్టలు పీకి కొత్తవి కుట్టడు. ఒక భాగం పూర్తయ్యేదాకా ఆగి, పాత దండ మొత్తం దించి, కొత్త దండ మొత్తం ఎక్కిస్తాడు. పాత దండని పారేయడు, కట్టి పక్కన పెడతాడు.

నేను ఆ రాత్రి చేసింది దీనికి పూర్తిగా రివర్స్. ఆప్ట్ అప్‌గ్రేడ్ వందల ప్యాకేజీల్ని, వేల ఫైళ్లని, నడుస్తున్న సిస్టమ్‌లోనే ఒకటొకటిగా మారుస్తుంది. మధ్యలో కరెంటు పోతే సగం పాతది, సగం కొత్తది. ఒక లైబ్రరీ కొత్తది, దాన్ని వాడే ప్రోగ్రాం పాతది. ఇక అది లేస్తుందో లేదో దైవాధీనం.

ఇక్కడ ఒకరు అడుగుతారు, ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో జర్నల్ ఉంది కదా అని. ఉంది. కానీ జర్నల్ కాపాడేది ఫైల్ సిస్టమ్ లెక్కల్ని. మీ అప్‌డేట్ సగంలో ఆగిందన్న సంగతి దానికి తెలియదు. పైగా మామూలు మెమరీ కార్డు, రాస్తుండగా కరెంటు పోతే, మనం రాస్తున్న ఫైలునే కాదు, పక్కనున్న డేటాని కూడా పాడు చేయొచ్చు. లోపల అది డేటాని తన ఇష్టం వచ్చినట్టు చోటు మారుస్తుంటుంది కాబట్టి.

అందుకే మొదటి నియమం: పడితే మొత్తం పడాలి, లేకపోతే అసలు పడకూడదు. సగం అనే స్థితే ఉండకూడదు. ఇంగ్లీషులో అటామిక్ అంటారు.

పెనుకొండ దగ్గర రెండో పాఠం

ధర్మవరం నుంచి బెంగళూరు రైలెక్కితే దారిలో పెనుకొండ వస్తుంది. చరిత్ర క్లాసులో చదివే ఉంటారు. 1565లో రాక్షస తంగడి యుద్ధంలో విజయనగరం ఓడిపోయింది, హంపి నిలబడలేదు. అప్పుడు తిరుమల రాయలు సదాశివ రాయల్ని, ఖజానాని వెంటబెట్టుకుని పెనుకొండకి వచ్చేశాడు. రాజధాని ఇక్కడికి మారింది. రాజ్యం ఒక్క రోజులో మాయం కాలేదు, ఇంకో చోటి నుంచి మళ్లీ నడిచింది.

ఎట్లా నడిచింది? హంపి పడ్డాక పెనుకొండలో కోట కట్టడం మొదలుపెట్టలేదు కదా. కోట అప్పటికే ఉంది. నివాసానికి మహళ్లు ఉన్నాయి. కష్టం వచ్చాక కట్టుకునేది కాదు రెండో చోటు, ముందే సిద్ధంగా ఉండాలి.

ఎంబెడెడ్ లినక్స్‌లో దీన్ని ఏ/బి స్లాట్లు అంటారు. డబ్బా మెమరీలో సిస్టమ్ కోసం రెండు గదులు చేస్తారు. ఉదాహరణకి 8 జీబీ మెమరీ ఉందనుకోండి. ఏ స్లాట్‌కి 1 జీబీ, బి స్లాట్‌కి 1 జీబీ, మిగతాది డేటాకి. ఇప్పుడు ఏ నడుస్తోంది. అప్‌డేట్ వస్తే దాన్ని ఏ మీద ముట్టుకోకుండా, బి లోకి రాస్తాం. ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. రాశాక మళ్లీ చదివి, పంపినదీ రాసినదీ ఒక్కటేనా అని హ్యాష్ సరిచూస్తాం. అంతా బాగుంటేనే, ఈసారి బి నుంచి లేవమని ఒక చిన్న గుర్తు మారుస్తాం. రీస్టార్ట్.

మధ్యలో కరెంటు పోతే? బి సగం రాసి ఉంటుంది, ఏమీ నష్టం లేదు. గుర్తు ఇంకా ఏ నే చూపిస్తుంది కాబట్టి ఏ లేస్తుంది. ప్రమాదం ఉన్నది ఆ గుర్తు మార్చే ఒక్క క్షణంలోనే. అందుకే ఆ గుర్తుని కూడా రెండు కాపీలుగా, ఒక్కోదానికి చెక్‌సమ్‌తో ఉంచుతారు. యూ-బూట్ అనే బూట్‌లోడర్‌లో ఆ సదుపాయం ఉంది.

ఇది మీకు కొత్తేమీ కాదు, మీ ఫోన్‌లోనే ఉంది. 2016లో ఆండ్రాయిడ్ 7తో ఈ పద్ధతి ఫోన్లకి వచ్చింది. అందుకే చాలా ఫోన్లలో అప్‌డేట్ వెనకాల ఎక్కుతుండగా మీరు రీల్స్ చూసుకోగలుగుతున్నారు, ఒక్క రీస్టార్ట్‌తో పని అయిపోతోంది. రెండు గదులకి చోటు ఎక్కువ పడుతోందని ఆండ్రాయిడ్ 11 నుంచి వర్చువల్ ఏ/బి అనే పొదుపు పద్ధతి కూడా తెచ్చారు.

ఇంకో మాట. తిరుమల రాయలు ఖజానా వెంట తెచ్చుకున్నాడు అన్నాను కదా. డేటా ఎప్పుడూ స్లాట్లకి బయట, వేరే పార్టిషన్‌లో ఉండాలి. సెట్టింగులు, లాగ్‌లు, వైఫై పాస్‌వర్డ్, అన్నీ అక్కడే. సిస్టమ్ స్లాట్లని చదవడానికి మాత్రమే మౌంట్ చేయండి, రాయడానికి వద్దు. అప్పుడు రోజువారీ కరెంటు కోతలు కూడా సిస్టమ్‌ని ఏమీ చేయలేవు.

లేచినంత మాత్రాన బాగున్నట్టు కాదు

బి లోకి కొత్తది రాశాం, గుర్తు మార్చాం, రీస్టార్ట్ చేశాం. కొత్త కెర్నెల్ మధ్యలో బిగుసుకుపోయింది. ఇప్పుడు ఎవరు వెనక్కి తిప్పాలి? మామని స్విచ్చి తీసి వేయమంటే మళ్లీ బి నే లేస్తుంది, మళ్లీ బిగుసుకుంటుంది.

దీనికి బూట్‌లోడర్‌లో ఒక లెక్క పెడతారు. యూ-బూట్‌లో దాని పేరు బూట్‌కౌంట్. లేవడానికి ప్రయత్నించిన ప్రతిసారీ ఒక అంకె పెరుగుతుంది. మూడు సార్లు అని హద్దు పెట్టామనుకోండి. మూడు సార్లు ప్రయత్నించినా కొత్తది 'నేను బాగున్నాను' అని చెప్పకపోతే, బూట్‌లోడర్ దానంతట అదే పాత స్లాట్‌కి వెళ్లిపోతుంది. బిగుసుకుపోయినప్పుడు రీస్టార్ట్ కొట్టడానికి వాచ్‌డాగ్ అనే హార్డ్‌వేర్ టైమర్ ఉంటుంది. సాఫ్ట్‌వేర్ మధ్యమధ్యలో దాన్ని తట్టి 'ఉన్నాను' అనాలి. అనకపోతే అది డబ్బాని రీసెట్ చేసేస్తుంది. రాస్‌బెర్రీ పై వాడేవాళ్లకి ట్రైబూట్ అని ఇట్లాంటిదే ఉంది. ఒక్కసారికి కొత్తదాన్ని ప్రయత్నిస్తుంది, కుదరకపోతే తర్వాతి బూట్‌లో పాతదే వస్తుంది.

మరి 'బాగున్నాను' అని ఎప్పుడు చెప్పాలి? ఇక్కడే చాలామంది తొందరపడతారు. లాగిన్ స్క్రీన్ వచ్చిందంటే బాగున్నట్టేనని అనుకుంటారు. షెడ్డుకి లాగిన్ స్క్రీన్‌తో పనేముంది? నేనిప్పుడు నాలుగు చూస్తాను. సెన్సర్ నుంచి అర్థమున్న అంకె వస్తోందా? ఫ్యాన్ రిలే ఆన్ అంటే ఆన్ అవుతోందా? పది నిమిషాలు ఏ ప్రోగ్రామూ పడిపోకుండా నడిచిందా? నాలుగోది అన్నింటికంటే ముఖ్యం: తర్వాతి అప్‌డేట్ తెచ్చుకోవడానికి సర్వర్‌ని చేరుకోగలుగుతోందా? మిగతావన్నీ పాడైనా రేపు సరిచేసుకోవచ్చు. అప్‌డేట్ తీసుకునే దారే మూసుకుపోతే ఇక బస్సెక్కి వెళ్లాల్సిందే.

ఎవరు పంపారు? ఎవరికి పంపారు?

తలుపు తట్టి 'అప్‌డేట్ వచ్చింది' అనగానే తెరిచేయకూడదు. చెక్‌సమ్ చూస్తే చాలదా అంటారు కొందరు. చెక్‌సమ్ చెప్పేది ఫైలు దారిలో చెడిపోలేదని మాత్రమే. దొంగ పంపిన ఫైలుకి కూడా సరైన చెక్‌సమ్ ఉంటుంది. పంపింది మనమే అని చెప్పేది డిజిటల్ సంతకం. మన దగ్గర రహస్య కీ ఉంటుంది, డబ్బాలో దానికి జత అయిన పబ్లిక్ కీ ఉంటుంది. సంతకం సరిపోతేనే డబ్బా అప్‌డేట్‌ని లోపలికి రానిస్తుంది. ఆ రహస్య కీని రోజూ వాడే ల్యాప్‌టాప్‌లో, అందరూ చూసే కోడ్ ఫోల్డర్‌లో పెట్టకండి. పోగొట్టుకున్నా కష్టమే కాబట్టి, డబ్బాలో ఇంకో అత్యవసర పబ్లిక్ కీ కూడా ముందే పెట్టి ఉంచండి.

సంతకం సరైనదే అయినా ఇంకో ప్రమాదం ఉంది. 2017 ఆగస్టులో లాక్‌స్టేట్ అనే అమెరికా కంపెనీ ఒక మోడల్ స్మార్ట్ తాళాలకి వేయాల్సిన సాఫ్ట్‌వేర్‌ని పొరపాటున ఇంకో మోడల్‌కి పంపింది. దాదాపు 500 తాళాలు పని చేయడం మానేశాయి. గాలిలోంచి మళ్లీ సరిచేసే వీలు కూడా పోయింది, తాళం వెనక భాగం ఊడదీసి కంపెనీకి పంపాల్సి వచ్చింది. అందుకే అప్‌డేట్ ఫైలులోనే ఇది ఏ బోర్డుకి అని రాసి ఉండాలి, డబ్బా 'ఇది నాకేనా' అని చూసుకోవాలి.

కార్ల విషయానికొస్తే, 2023 నవంబర్‌లో రివియన్ అనే ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ తప్పు సర్టిఫికెట్లున్న బిల్డ్‌ని పంపింది. కార్లు నడిచాయి కానీ స్క్రీన్లు నల్లబడ్డాయి. అయితే కంపెనీ మధ్యలోనే ఆపేసింది, దెబ్బతిన్నవి వాళ్ల కార్లలో 3 శాతం దాకానే. అందరికీ ఒకేసారి పంపి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. అందుకే విడతలుగా పంపాలి. ముందు మన టేబుల్ మీద ఉన్న డబ్బాకి, తర్వాత ఒక్కదానికి, తర్వాత పదింటికి, ఒక రోజు ఆగి చూసి మిగతావాటికి.

పెనుకొండ కార్లు, ప్రపంచ నిబంధన

పెనుకొండ అనగానే ఇప్పుడు పిల్లలకి గుర్తొచ్చేది కోట కాదు, కియా ఫ్యాక్టరీ. ఎర్రమంచి దగ్గర కట్టిన ఆ ప్లాంట్ నుంచి 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ బయటికి వచ్చింది. ఈ కాలం కార్లలో సిమ్ ఉంటుంది, కంప్యూటర్లు చాలా ఉంటాయి, అప్‌డేట్లు గాలిలోంచే వస్తాయి. కారులో తప్పు అప్‌డేట్ అంటే గూళ్లు తగ్గడం లాంటిది కాదు, ప్రాణాల మీదికి వస్తుంది.

అందుకే ఐక్యరాజ్యసమితి వేదిక మీద 2020లో వాహనాల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల కోసం 156వ నిబంధనని ఆమోదించారు. దాన్ని పాటించే దేశాల్లో ఇది తప్పనిసరి. అందులో రెండు మాటలు చూస్తే నాకు మా షెడ్డే గుర్తొచ్చింది. ఒకటి: అప్‌డేట్ విఫలమైనా, మధ్యలో ఆగినా, వాహనం పాత వెర్షన్‌కి తిరిగి వెళ్లగలగాలి, లేదా సురక్షితమైన స్థితికి చేరాలి. రెండు: అప్‌డేట్ పూర్తి కావడానికి, అవసరమైతే వెనక్కి రావడానికి కూడా, సరిపడా కరెంటు ఉంటేనే మొదలుపెట్టాలి. నేను ఆ రాత్రి ఈ రెండూ పాటించలేదు.

నేను రెండోసారి పడ్డ గొయ్యి

ఏ/బి పెట్టేశాం కదా, ఇక ధైర్యం అనుకున్నాను. అక్కడా ఒక మెలిక ఉంది. కొత్త వెర్షన్‌లో సెట్టింగుల ఫైలు పద్ధతి మార్చాను. కొత్తది లేవగానే పాత ఫైలుని కొత్త పద్ధతిలోకి మార్చేసింది. తర్వాత ఇంకేదో కారణంతో డబ్బా వెనక్కి వెళ్లింది. పాత సాఫ్ట్‌వేర్ బంగారంలా లేచింది, కానీ మారిపోయిన సెట్టింగులు దానికి అర్థం కాలేదు. తేమ ఎంత ఉండాలో తెలియక, ఫ్యాక్టరీ అంకెతో నడిపింది. అదృష్టం, అప్పుడు షెడ్డులో పంట లేదు.

కాబట్టి కొత్త వెర్షన్ 'బాగున్నాను' అని చెప్పేదాకా పాత డేటాని మార్చకూడదు. మార్చాల్సి వస్తే కాపీ తీసుకుని, కాపీనే మార్చాలి. సిస్టమ్ వెనక్కి వెళ్లి డేటా ముందే ఉండిపోతే, తిరిగొచ్చే దారి ఉన్నట్టే ఉండి లేనట్టు.

ఇప్పుడు షెడ్డులో ఏం చేస్తున్నాం?

మొదటిది, సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేనిది. ప్రతి ఫ్యాన్‌కీ చేత్తో వేసే స్విచ్చి. డబ్బా ఉన్నా చచ్చినా మామ చేతిలో పవర్ ఉంటుంది.

రెండోది, చిన్న బ్యాటరీ బ్యాకప్. బ్యాటరీ సగం కంటే తక్కువుంటే అప్‌డేట్ మొదలే కాదు.

మూడోది, సమయం. గూళ్లు మార్కెట్‌కి పోయి, షెడ్డు కడిగి, కొత్త చాకీ పురుగులు రాకముందు ఉండే ఆ కొన్ని రోజుల్లోనే అప్‌డేట్. నేతగాడు పువ్వు పూర్తయ్యేదాకా ఆగినట్టే. ఆగడానికి వీల్లేని భద్రతా లోపం వస్తే, మామకి ముందు చెప్పి, పగటి పూట, ఆయన షెడ్డులో ఉండగా.

నాలుగోది, సొంతంగా స్క్రిప్టులు రాయడం మానేశాను. రాక్, ఎస్‌డబ్ల్యూ అప్‌డేట్, మెండర్ అని ఓపెన్ సోర్స్ టూల్స్ ఉన్నాయి. ఏ/బి, సంతకం, బోర్డు సరిచూడటం, వెనక్కి వెళ్లడం, ఈ పనులకే కట్టినవి. ఓఎస్‌ట్రీ అని ఇంకోటి, రెండు పార్టిషన్లు లేకుండా ఫైళ్ల స్థాయిలో ఇదే పని చేస్తుంది. నేర్చుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. పంట పోవడం కంటే చవక.

ఐదోది నాకు బాగా ఇష్టం. అచ్చం షెడ్డులో ఉన్నలాంటి ఇంకో డబ్బా నా టేబుల్ మీద ఉంది. ప్రతి కొత్త వెర్షన్‌ని దానికి వేస్తాను, మధ్యలో ప్లగ్ పీకేస్తాను. పది శాతం దగ్గర ఒకసారి, యాభై దగ్గర ఒకసారి, గుర్తు మారుస్తున్నప్పుడు ఒకసారి, రీస్టార్ట్‌లో ఒకసారి. ఇరవై సార్లు పీకినా లేస్తేనే ఊరికి పంపుతాను. కావాలని చెడ్డ వెర్షన్ కూడా ఒకటి వేసి చూస్తాను, అది వెనక్కి వస్తుందా లేదా అని. వెనక్కి వచ్చే దారిని ఒక్కసారైనా నడిచి చూడకపోతే అది ఉందని నమ్మకండి.

మరి మనం, మామూలు యూజర్లం?

మీరు ఇంజినీర్లు కాకపోయినా ఈ రోజే చేయగలిగినవి ఉన్నాయి. ఇంటి రౌటర్, కెమెరా ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చండి. రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి కొత్త ఫర్మ్‌వేర్ ఉందేమో చూడండి, కంపెనీ సొంత పేజీ నుంచో యాప్ నుంచో మాత్రమే తీసుకోండి, మోడల్ నంబర్ అక్షరం అక్షరం సరిచూసుకోండి. చాలా పాత రౌటర్లకి ఏ/బి ఉండదు. అందుకని అప్‌డేట్ ఎక్కుతుండగా ప్లగ్ తీయకండి, కరెంటు కోత టైంలో మొదలుపెట్టకండి. ఫోన్ అయితే చార్జింగ్ చూసుకుని, ఫోటోలు బ్యాకప్ చేసుకుని వేయండి. కొత్త కెమెరానో టీవీనో కొనేటప్పుడు మెగాపిక్సెల్స్‌తో పాటు, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు అని కూడా అడగండి. కొట్టువాడు వింతగా చూసినా పర్లేదు, అడగండి.

మొన్న మామకి ఫోన్ చేసి, షెడ్డు ఖాళీగా ఉంది కదా, కొత్త వెర్షన్ వేస్తాను అన్నాను. మామ ఒక్కటే అడిగాడు. "అది లేయకపోతే పాతది లేస్తుంది కదా?" లేస్తుంది మామా, ఇరవై సార్లు చూసినాను అన్నాను. "అయితే ఏసుకో పో" అన్నాడు.

మీరు కూడా ఏ డబ్బాకి అప్‌డేట్ వేసినా ముందు మామ అడిగిన ఆ ప్రశ్న అడగండి. సరే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో రాస్‌బెర్రీ పై మీద రెండు స్లాట్లు ఎట్లా చేయాలో, ప్లగ్ పీకడంతో సహా, లైవ్‌లో చేసి చూపిస్తాను. అందాకా ఉంటాను, నమస్తే.